హాలీనా, కల్దారా? ముందు ఆ మాట తేల్చుకోండి

అమ్మా, మీ ప్రశ్న రెండు మూడుసార్లు చదివాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మీ ముత్తాత పటాలంలో చేరాడు, ఆయన తమ్ముడు పూనా దిక్కు మందుగుండు కార్ఖానాలో పనికి పోయాడు. ఇప్పుడు ఇంట్లో మిగిలినవి మూడే వస్తువులు. సింహం బొమ్మ ఉన్న పతకం ఒకటి, నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి, ఉర్దూలో రాసి ముద్ర వేసిన కాగితం ఒకటి. ముత్తాత హైదరాబాద్ రెజిమెంట్‌లో ఉండి సింగపూర్‌లో జపాన్ వాళ్ళకు పట్టుబడ్డాడని మీ ఇంట్లో చెప్పుకుంటారు. అది నిజమేనా, వివరాలు ఎక్కడ దొరుకుతాయి, కార్ఖానాలో చేసిన పనిని యుద్ధంలో చేసిన సేవ అనుకోవచ్చా అని అడిగారు.

నాది జమ్మికుంట దగ్గరి పల్లె. చంద్రాపూర్ జిల్లా భద్రావతిలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో ఫిల్లింగ్ పనిలో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యాను. మా తాత కూడా ఆ యుద్ధంలో పటాలంలో ఉన్నాడు. ఆయన తమ్ముడు, మా చిన్న తాత, షెల్లుల్లో, అంటే ఫిరంగి గుండ్లలో, పేలుడు మందు పోశాడు. రిటైరయ్యాక నాలుగైదేళ్ళు వాళ్ళ కాగితాల కోసమే తిరిగాను. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి.

రెజిమెంట్ పేరు కంటే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్క మాట అడగండి. ఆయన పంపిన డబ్బు హాలీ రూపాయల్లో వచ్చేదా, కల్దార్ రూపాయల్లో వచ్చేదా? నిజాం రాజ్యంలో నడిచింది హాలీ సిక్కా. ఇంగ్లీషోళ్ళ రూపాయిని మనవాళ్ళు కల్దార్ అనేవాళ్ళు. ఆరు కల్దార్లు ఇస్తే ఏడు హాలీలు వచ్చేవి. ఇంటి ఖర్చు చూసుకునే ఆడవాళ్ళు ఈ తేడాను మర్చిపోరు. మా నాయినమ్మకు తాత ఏ దేశం పోయాడో తెలియదు, ఏ కంపెనీలో ఉన్నాడో తెలియదు. కానీ 'మనియార్డర్ కల్దార్లలో వచ్చేది, మార్చుకుంటే ఎక్కువొచ్చేది' అని చివరిదాకా చెప్పింది. ఆ ఒక్క మాటతో మా తాత నిజాం ఫౌజులో కాదు, బ్రిటిష్ ఇండియా పటాలంలో ఉన్నాడని తేలింది. ఆ రెండింటి కాగితాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి ముందు ఇది తేలకపోతే ఎంత తిరిగినా దారి దొరకదు.

ఇక హైదరాబాద్ రెజిమెంట్ సంగతి. ఈ పేరు దగ్గర తెలంగాణలో చాలా కుటుంబాలు పొరబడుతున్నాయి. బ్రిటిష్ ఇండియా సైన్యంలో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని ఒకటి ఉండేది. దాని పేరు పాత నిజాం కంటింజెంట్ నుంచి, అంటే నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారులు నడిపిన దళం నుంచి, వచ్చింది కానీ యుద్ధం నాటికి అందులో చేరేది ఎక్కువగా కుమావూ కొండల వాళ్ళు, జాట్లు, అహీర్లు. మనవాళ్ళను అందులోకి తీసుకోలేదు. 1945 అక్టోబరులో దాని పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది, ఇప్పుడు దాని కేంద్రం రాణిఖేత్‌లో ఉంది. నిజాం సొంత సైన్యం వేరు. దాన్ని హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్ అనేవాళ్ళు. అందులోని ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీని మలయాకు, అంటే ఇప్పటి మలేషియా దిక్కుకు, పంపి, కోటా బారు విమానాశ్రయం కాపలాకు పెట్టారు. 1941 డిసెంబరు 8న అర్ధరాత్రి దాటాక జపాన్ సైన్యం దిగింది సరిగ్గా ఆ తీరానే. 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లోని నాలుగో బెటాలియన్ కూడా అప్పుడు మలయాలోనే పోరాడింది. పేర్లు దగ్గర దగ్గర, యుద్ధభూమి ఒక్కటే. అందుకే ఇప్పటికీ ఒకరి కథ ఇంకొకరికి అంటుకుంటోంది. మీ ముత్తాత నిజంగా మలయాకు పోయి ఉంటే, ఆయన ఉండే అవకాశం ఆ నిజాం పల్టన్‌లోనే.

కానీ మీరు పెట్టిన ఉర్దూ కాగితం ఫోటో చూశాక నాకు అనుమానం వచ్చింది. దాని మీద తేదీ 'దై 1352' అని ఉంది. అది ఫసలీ లెక్క, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో అజుర్ నెలతో మొదలయ్యేది, దై దాని తర్వాతి నెల. మొదటి మూడు నెలలకు, అంటే డిసెంబరు ఆఖరిదాకా, ఫసలీకి 590 కలపాలి. జనవరి నుంచి 591 కలపాలి. ఆ లెక్కన మీ కాగితం 1942 నవంబరు, డిసెంబరు మొదటి రోజుల మధ్యది. సింగపూర్ పడిపోయింది 1942 ఫిబ్రవరి 15న. అది భర్తీ కాగితమే అయితే, అప్పటికి తొమ్మిది నెలల ముందే పడిపోయిన ఊళ్ళో ఆయన పట్టుబడే వీలు లేదు. ఉర్దూ బాగా చదివే ఒక పెద్దమనిషితో అది భర్తీ కాగితమా, సెలవు చీటీనా, తహసీల్ నుంచి ఇచ్చిన ధ్రువపత్రమా అని మాటమాటా చదివించుకోండి. ఉర్దూలో ఉంది కాబట్టి నిజాం ఫౌజుదే అనుకోవద్దు. ఆ రోజుల్లో మన తహసీళ్ళు, ఠాణాలు, కోర్టులు అన్నీ ఉర్దూలోనే నడిచాయి.

అలాగని మీ ఇంట్లో చెప్పుకున్న మాట అబద్ధమని కొట్టేయకండి. జపాన్ లొంగిపోయాక 1945 సెప్టెంబరులో మన పటాలాలు మళ్ళీ మలయా, సింగపూర్ చేరాయి. ఆయన అప్పుడు సింగపూర్ చూసి ఉండొచ్చు, అక్కడి ఖైదీ క్యాంపుల్లో మనవాళ్ళను కలిసి వాళ్ళ కష్టాలు విని ఉండొచ్చు. ఇంటికొచ్చి చెప్పిన మాటలు రెండు తరాలు దాటేసరికి ఆయన సొంత కథగా మారి ఉండొచ్చు. మా ఇంట్లో కూడా తాత బర్మాలో తుపాకీతో కొట్లాడాడని చెప్పుకున్నాం. కాగితం దొరికాక తెలిసింది, ఆయన పయనీర్ కంపెనీలో ఉన్నాడని. తుపాకీ పట్టింది తక్కువ, గడ్డపార పట్టింది ఎక్కువ. దిమాపూర్ నుంచి కోహిమా, ఇంఫాల్ దిక్కు పోయే రోడ్డు మీద వానలో కొండచరియ విరిగినప్పుడల్లా మట్టి ఎత్తిపోసి, బండలు పరిచి, లారీలను దాటించాడు. 1944 జూన్ 22న కోహిమా నుంచి దిగిన సైన్యం, ఇంఫాల్ నుంచి ఎదురొచ్చిన సైన్యం 109వ మైలురాయి దగ్గర కలిసి, జపాన్ వాళ్ళు మూసేసిన ఆ దారి తెరుచుకుంది. ఆ దారి కోసం మట్టి మోసిన వాళ్ళలో మా తాత ఒకడని తెలిసిన రోజు నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. తుపాకీ కథ పోయినందుకు ఏ బాధా కలగలేదు.

మీ దగ్గరున్న పతకం మీద రెండు తలల డ్రాగన్‌ను తొక్కి నిలబడ్డ సింహం ఉందన్నారు. అది 1939-45 వార్ మెడల్. యుద్ధకాలంలో కనీసం 28 రోజులు యూనిఫాంలో ఉన్నవాళ్ళకు ఇచ్చింది, కాబట్టి ఏ దేశం పోయాడో అది చెప్పదు. ఎక్కడికి పోయాడో చెప్పేవి ఆరు కోణాల నక్షత్రాలు, అంటే బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్ లాంటివి. నక్షత్రం పోయినా దాని రిబ్బన్ ముక్క ఏ పెట్టెలోనో ఉండొచ్చు, వెతకండి. మధ్యలో వెడల్పు ఎర్ర చార, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలంలో సన్నటి నారింజ చార ఉంటే అది బర్మా స్టార్‌ది. పతకం అంచును కూడా భూతద్దంతో చూడండి. కొన్నిటి మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఆ నంబరు దొరికితే మీ పనిలో సగం అయిపోయినట్టే.

ఇప్పుడు మీ చిన్న ముత్తాత సంగతికి వస్తాను. నిజానికి ఈ జవాబు రాయడానికి కూర్చున్నది ఆయన కోసమే. మీ ప్రశ్నలో ఆయన గురించి రాసింది ఒకే ఒక్క వాక్యం. మా ఇంట్లో కూడా అంతే. పటాలం తాత ఫోటోకు దండ ఉండేది, కార్ఖానా తాతకు అసలు ఫోటోనే లేదు.

మన పల్లెల నుంచి బొంబాయి, భీవండి, షోలాపూర్ మగ్గాల మీదికి అప్పటికే వలస దారి పడి ఉంది. యుద్ధం వచ్చాక పూనా పక్కన కిర్కీలోని మందుగుండు కార్ఖానాలకు మనుషులు కావాల్సి వచ్చింది. మగ్గం పని దొరకని వాళ్ళు అటు మళ్ళారు. మా చిన్న తాత అలాగే పోయాడు. కాజీపేటలో బండెక్కి, సికింద్రాబాద్, వాడి మీదుగా పూనా దిగాడు. ఏ ఫ్యాక్టరీయో ఇక్కడ రాయను. ఆయన చేసిన పని మాత్రం రాస్తాను, ఎందుకంటే నలభై ఏళ్ళ తర్వాత నేనూ అదే పని చేశాను.

టీఎన్‌టీ అనే మందు దాదాపు 80 డిగ్రీల వేడికే కరుగుతుంది. అందుకని నిప్పు దరిదాపుల్లో లేకుండా ఆవిరితోనే కరిగిస్తారు. కరిగాక చూడటానికి బెల్లం పాకం లాగా ఉంటుంది. దాన్ని షెల్లులోకి పోస్తారు. అప్పట్లో టీఎన్‌టీ చాలక అమ్మోనియం నైట్రేట్ కలిపి అమాటోల్ చేసి పోసేవాళ్ళు. పోయడం కంటే ఆ తర్వాతిదే కష్టమైన పని. మందు చల్లారేకొద్దీ కుంచించుకుపోతుంది. పైన గట్టి పెచ్చు కడుతుంది, లోపల బోలు మిగులుతుంది. ఆ బోలు అట్లాగే ఉండిపోతే ఫిరంగిలో పేల్చినప్పుడు ఆ అదురుకు షెల్లు గొట్టంలోనే పేలి, కాల్చే మన సైనికుల ప్రాణాలే పోవచ్చు. అందుకని పెచ్చు కట్టకుండా కడ్డీతో పొడుస్తూ, తగ్గినకొద్దీ మళ్ళీ పోస్తూ ఉండాలి. తొందరపడితే కుదరదు, ఏమరుపాటు అసలే పనికిరాదు. 'చల్లారేదాకా పసిబిడ్డను చూసినట్టు చూడాలి' అని చిన్న తాత అనేవాడని మా బాపు చెప్పాడు. నేను ట్రైనింగ్‌లో ఆ పని మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ మాటే.

పని చేసే చోటును డేంజర్ బిల్డింగ్ అంటాం. ఒక్కో బిల్డింగ్ చుట్టూ మట్టి కట్ట, ఒకటి పేలినా పక్కది పేలకుండా. లోపల ఎంతమంది ఉండొచ్చు, ఎంత మందు ఉండొచ్చు అని గుమ్మం దగ్గర బోర్డు. అగ్గిపెట్టె, బీడీ, తాళంచెవి, ఇనుప గుండీ ఏదీ లోపలికి పోదు. బయటి చెప్పులు గడప ఇవతలే విడిచి లోపలి బూట్లు వేసుకోవాలి. పనిముట్లు ఇత్తడివి, రాగివి, కట్టెవి. ఇనుము ఇనుముకు తగిలి ఒక్క రవ్వ లేస్తే చాలు కదా. ఇవన్నీ పాటిస్తూ పొద్దంతా పని చేసిన మనిషి ఇంటికొచ్చాక కూడా గిన్నె కింద పడ్డ చప్పుడుకు ఉలిక్కిపడతాడు. మీ చిన్న ముత్తాత చప్పుడుకు కోప్పడేవాడని ఎవరైనా చెబితే, ఆయన కోపిష్టి అనుకోకండి.

ఇంకో గుర్తు కూడా చెబుతాను, ఇది మీ అమ్మమ్మను తప్పకుండా అడగండి. టీఎన్‌టీ పనిలో చేతులు, మొహం పచ్చబడతాయి, ముందు వెంట్రుకలు ఎర్రబారతాయి. సబ్బుతో పోదు. పడుకున్న దుప్పటికి కూడా రంగు అంటుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు ఫ్యాక్టరీల్లో ఈ పని చేసిన ఆడవాళ్ళను జనం కెనరీ పిట్టలని పిలిచారు. మా చిన్న తాత సెలవు మీద ఊరికి వస్తే పసిరికలు, అంటే కామెర్లు, అయ్యాయని మా నాయినమ్మ పసరు తాగించింది. ఊరి పిల్లలు పసుపు తాత అన్నారు. ఆ మందు చర్మంలోంచి ఒంట్లోకి దిగి లివర్‌ను దెబ్బతీస్తుంది, కొందరికి నిజంగానే కామెర్లు వస్తాయి. ఈ పేరు వెనుక ఉన్న సంగతి నాకు ఉద్యోగంలో చేరాకే అర్థమైంది. అప్పటికి ఆయన లేడు. మీ ఇంట్లో కూడా 'చేతులు పచ్చగా ఉండేవి' అనే మాట వస్తే, ఆయన ఊరికే గేటు దగ్గరో స్టోర్‌లోనో కాదు, మందు తాకే పనిలోనే ఉన్నాడని అనుకోవచ్చు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది. ఒకే ఓడలో మందుగుండు, పత్తి బేళ్ళు ఉన్నాయి. పత్తికి నిప్పంటుకుని మందుగుండుకు చేరింది. వందల మంది చనిపోయారు. ఆ వార్త మా పల్లెకు 'బొంబాయిలో మందు పేలింది' అని చేరింది. మావాళ్ళకు బొంబాయి, పూనా అన్నీ ఒక్క దిక్కే. చిన్న తాత నుంచి ఉత్తరం లేదు. చిన్న నాయినమ్మ నెల రోజులు పిడికెడు మెతుకులతో బతికింది. అటు పెద్ద కొడుకు బర్మా దిక్కు, ఇటు చిన్న కొడుకు పూనా దిక్కు, ఇంట్లో సర్కారుకు లెవీ గల్ల (ధాన్యం) కొలిచే పని ముసలాయన నెత్తిన. పటాలం ఇంటికి ఎంత టెన్షనో, కార్ఖానా ఇంటికీ అంతే టెన్షన్. తేడా ఒక్కటే. పటాలం వాళ్ళ ఇంటికి పోయి అందరూ పలకరించారు, చిన్న నాయినమ్మను ఎవరూ పలకరించలేదు.

మీ మూడో ప్రశ్నకు జవాబు ఇదే. ప్రభుత్వ లెక్కలో ఫ్యాక్టరీ మనిషి సివిలియన్, మాజీ సైనికుడు కాడు. ఆ పింఛన్లు, పతకాలు ఆయనకు వర్తించవు. యుద్ధం అయిపోగానే టెంపరరీ వాళ్ళను చాలామందిని తీసేశారు. మా చిన్న తాత 1946లో చేతిలో ఏ కాగితమూ లేకుండా తిరిగొచ్చి మళ్ళీ మగ్గం గుంటలో కూర్చున్నాడు. కానీ 25 పౌండర్ ఫిరంగి షెల్లులో పోసే మందు రెండు పౌండ్లకు లోపే. ఆ కాస్త మందు సరిగ్గా పోసిన చేతులు లేకపోతే కోహిమాలో ఆ ఫిరంగులు ఉత్త గొట్టాలు. మా తాత రోడ్డు మీద మట్టి మోస్తూ విన్న ఫిరంగి మోతల్లో తమ్ముడు పోసిన షెల్లు ఒక్కటైనా ఉండే ఉంటుందని నేను నమ్ముతాను. మీ వంశవృక్షంలో ఇద్దరి పేర్ల పక్కన అదే యుద్ధం, అవే సంవత్సరాలు రాయండి.

కాగితాలు ఎందుకు లేవని మీ పెద్దవాళ్ళను నిందించకండి. 1946 నుంచి మన జిల్లాల్లో సంఘం (ఆంధ్ర మహాసభ) పోరాటం, రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్, ఆ తర్వాత గాలింపులు. ఇంట్లో ఖాకీ బట్ట దొరికితే ఏ పక్షం వాళ్ళు ఏమనుకుంటారో అని భయం. మా నాయినమ్మ తాత యూనిఫాంను, పే బుక్కును ఒకే రాత్రి పొయ్యిలో పెట్టింది. ప్రాణం కోసం చేసిన పని అది.

ఇక ఎక్కడ అడగాలో చెబుతాను. హాలీ అని తేలితే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి. నిజాం ప్రభుత్వపు ఉర్దూ, ఫార్సీ ఫైళ్ళు అక్కడ ఉన్నాయి. చదివే మనిషిని వెంట తీసుకుపోండి. కల్దార్ అని తేలితే ఆయా దళాల రికార్డ్ ఆఫీసులను అడగాలి. తెలుగువాళ్ళు ఎక్కువగా చేరింది మద్రాస్ సాపర్స్ (ఇంజనీర్ దళం), పయనీర్, సర్వీస్ కోర్ (సరఫరా దళం), మద్రాస్ రెజిమెంట్‌లలో. మొదటి మూడింటికి బెంగళూరు, చివరిదానికి వెల్లింగ్టన్. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో రాయొచ్చు. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా అన్నీ రాయండి. ఇక్కడొక జాగ్రత్త ఉంది. అప్పటి జిల్లాలు ఇప్పటివి కావు. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. మీ మూలం జనగామ దిక్కు అని రాశారు కదా, కాబట్టి నల్లగొండ అని కూడా రాసి అడగండి. నేను మొదట ఇప్పటి జిల్లా పేరే రాసి ఏడాది పోగొట్టుకున్నాను. ఇంగ్లీషులో ఇంటిపేరును నాలుగు రకాలుగా రాసి పంపండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా ఒకసారి అడగండి. తిరిగొచ్చిన వాళ్ళ పేర్లు కొన్ని అక్కడి పాత రిజిస్టర్లలో ఉంటాయి.

ఫ్యాక్టరీకి రాయాలంటే మాత్రం ఆ ఇత్తడి బిళ్ళ సంగతి ముందు తేలాలి. అది హాజరీ టోకెన్. కానీ టోకెన్లు మందుగుండు ఫ్యాక్టరీలకే కాదు, వరంగల్ ఆజం జాహి బట్టల మిల్లుకు, సింగరేణి బొగ్గు బాయిలకు, రైల్వే వర్క్‌షాపులకు కూడా ఉండేవి. నంబరు పైన గానీ వెనుక గానీ చిన్న అక్షరాలు ఉంటాయి. ఏ.ఎఫ్.కె. అని ఉంటే కిర్కీ అమ్యునిషన్ ఫ్యాక్టరీ, హెచ్.ఇ.ఎఫ్. అని ఉంటే అక్కడి హై ఎక్స్‌ప్లోజివ్స్ ఫ్యాక్టరీ అని వెతకడం మొదలుపెట్టొచ్చు. ఆ రెండూ 2021 నుంచి మ్యూనిషన్స్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కిందికి వచ్చాయి, అక్కడికీ సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు.

ప్రతి పండగకూ ఇత్తడి సామాన్లతో పాటు ఆ బిళ్ళను కూడా చింతపండు పెట్టి తోముతామని రాశారు. ఇక తోమొద్దమ్మా, అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి బట్టతో దుమ్ము తుడిచి, సాయంత్రం కిటికీ దగ్గర పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి, రెండు వైపులా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నేను చూసి చెబుతాను.